కోడి ఎముకను వెనిగర్‌లో వేస్తే మెత్తబడింది సరే, అందులోని ఖనిజం అంతవరకు ఎక్కడ ఉన్నట్టు?

హనుమకొండ_జంతుశాస్త్రం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలోని ఒక జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తున్నాను. అస్థిపంజరం పాఠానికి ప్రతి సంవత్సరం ఒక చిన్న ప్రయోగం చేయిస్తాను. చికెన్ సెంటర్ నుండి రెండు కోడికాలి ఎముకలు తెప్పించి, వాటికి అంటుకున్న మాంసమంతా గీకించి, ఒకదానిని వారం రోజులు వెనిగర్‌లో నానబెట్టిస్తాను. మధ్యలో రెండుసార్లు వెనిగర్ మారుస్తాం. రెండవదానిని ఆవరణలోనే బొగ్గుల కుంపటి మీద మొదట నల్లబడి, ఆ తరువాత తెల్లబడేదాకా కాలుస్తాం. వెనిగర్‌లో నానినది రబ్బరులా వంగుతుంది. కాలినది చూడటానికి ఎముకలాగే ఉన్నా, వేళ్ల మధ్య నొక్కితే పొడి అవుతుంది. మొదటిదానిలో ఖనిజం పోయి కొల్లాజెన్ అనే ప్రొటీన్ మిగిలిందనీ, రెండవదానిలో కొల్లాజెన్ కాలిపోయి ఖనిజం మిగిలిందనీ చెప్పి పాఠం ముగించేవాడిని.

ఈసారి అలా ముగియలేదు. నర్సంపేట వైపు నుండి వచ్చే ఒక విద్యార్థిని లేచి, "సార్, ఖనిజమంతా తీసేసినా ఎముక చిన్నది కాలేదు, కొల్లాజెనంతా కాల్చేసినా కూలిపోలేదు. రెండింటికీ పాత ఆకారమే ఉంది. అయితే ఒకదానిలో ఇంకొకటి ఎక్కడ దాగి ఉంది?" అని అడిగింది. నేను అందరూ చెప్పే ఇనుప చువ్వలు, కాంక్రీటు పోలిక చెప్పాను. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. స్లాబులో చువ్వ చువ్వే, కాంక్రీటు కాంక్రీటే కదా, పగలగొడితే దేనికది కనిపిస్తుంది కదా అన్నది. నిజం చెప్పాలంటే ఆ పోలిక నాకూ ఎన్నడూ పూర్తిగా నచ్చలేదు.

దానితో నాకు ఇంకో రెండు సందేహాలు కలిగాయి. ఎముకలో ఉన్న మొదటి రకం కొల్లాజెనే చర్మంలోనూ, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధకంలోనూ ఉంది. కాల్షియం, ఫాస్ఫేట్ రక్తం ద్వారా శరీరమంతటా తిరుగుతూనే ఉంటాయి. అటువంటప్పుడు చర్మం ఎముకలా గట్టిపడకుండా ఎముకా, దంతమూ మాత్రమే ఎందుకు గట్టిపడుతున్నాయి? ఇక చివరిది మాట పట్టింపులాంటిదే. "కొల్లాజెన్ పోగులపై కాల్షియం లవణాలు నిక్షేపితమవుతాయి" అని మేం చెబుతూ వస్తున్నాం. ఆ "పై" అనేది సరైన మాటేనా, లేక "లో" అనాలా?

ఇంటర్ విద్యార్థులకు అర్థమయ్యేటట్టు, అలాగని విషయాన్ని పలచన చేయకుండా, తెలిసినవారు వివరించగలరని మనవి.

కాజీపేట_పదార్థశాస్త్రం:

నమస్కారం సార్. ఎముకకు బదులుగా వాడదగిన కాల్షియం ఫాస్ఫేట్ పదార్థాల మీద పనిచేస్తున్నాను కనుక ఈ ప్రశ్న నాకు దాదాపు రోజూ ఎదురయ్యేదే. జవాబు పొడవుగా ఉంటుంది, ఓపికగా చదవండి.

మీ చివరి సందేహాన్నే ముందు తీసుకుంటాను, ఎందుకంటే అది తీరితే మీ విద్యార్థిని ప్రశ్న సగం తీరినట్టే. "పోగులపై లవణాలు పేరుకుంటాయి" అన్నప్పుడు కుండ అడుగున సున్నం కట్టినట్టు మనసులో ఒక బొమ్మ ఏర్పడుతుంది. ఎముకలో జరిగేది అది కాదు. ఖనిజంలో గణనీయమైన భాగం పోగు లోపలికే వెళ్లి, అక్కడ అంతకుముందు నీరు ఉన్న చోటును తాను ఆక్రమించి, అక్కడే స్ఫటికంగా మారుతుంది. అందుకని "లో" అనడమే సత్యానికి దగ్గర.

పోగు లోపల చోటు ఎక్కడిది అనేది అసలు విషయం. కొల్లాజెన్ అణువు మూడు గొలుసులు పేనుకున్న సన్నని తాడు వంటిది. ఒక్కో గొలుసులో సుమారు వెయ్యి అమైనో ఆమ్లాలు ఉంటాయి, వాటిలో ప్రతి మూడవది గ్లైసిన్. ఈ మూడు పేటల నిర్మాణాన్ని 1954లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారన్న సంగతి మీ విద్యార్థులకు తప్పక చెప్పండి. మన దక్షిణాదిలోనే జరిగిన పని ఇది, అయినా మన తరగతి గదుల్లో చాలా తక్కువగా వినిపిస్తుంది. ఆ అణువు పొడవు దాదాపు 300 నానోమీటర్లు, మందం 1.5 నానోమీటర్లు. ఇటువంటి అణువులు వేలకొద్దీ పక్కపక్కన చేరితే ఒక పోగు అవుతుంది. అయితే అవి కట్టెల మోపులా తలలన్నీ ఒకచోట కలిసేటట్టు చేరవు. గోడలో ఇటుక వరుసలను జరిపి పేర్చినట్టు, ప్రతి అణువూ పక్కదానికంటే 67 నానోమీటర్లు ముందుకు జరిగి ఉంటుంది.

ఇక్కడ నల్లబల్ల మీద ఒక చిన్న లెక్క వేయించండి. ఒకే వరుసలో ఒక అణువు తల నుండి తరువాతి అణువు తల వరకు ఉన్న దూరం అయిదు 67లు, అంటే 335 నానోమీటర్లు. అణువు పొడవేమో 300. మిగిలిన 35 నానోమీటర్లలో ఏముంది? ఏమీ లేదు, నీరు తప్ప. ఒక అణువు తోకకూ, తరువాతి అణువు తలకూ మధ్య అంత ఖాళీ ప్రతి వరుసలోనూ ఉంటుంది. కొలిచిన పద్ధతిని బట్టి దానిని 35 నుండి 40 నానోమీటర్లని చెబుతారు. పక్క వరుసల్లోని ఖాళీలు ఒకదాని పక్కన ఒకటి కలిసి పోగుకు అడ్డంగా సన్నని కాలువల్లా ఏర్పడతాయి. 1963లో హాడ్జ్, పెట్రుస్కా ఈ అమరికను వివరించారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కొల్లాజెన్ పోగు మీద 67 నానోమీటర్లకు ఒకసారి కనిపించే చారలు ఈ ఖాళీల వల్ల వచ్చినవే.

ఎముకలోని ఖనిజం కార్బొనేట్ కలిసిన ఒక రకం అపటైట్, అంటే ఒక కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికం. దాని స్ఫటికాలు పలుచని రేకుల్లా ఉంటాయి; మందం 2 నుండి 4 నానోమీటర్లు మాత్రమే, పొడవు వెడల్పులు కొన్ని పదుల నానోమీటర్లు. ఎముకలోని ఖనిజం అపటైట్ జాతికి చెందినదని 1926లోనే ఎక్స్-కిరణాల ద్వారా డి జాంగ్ చూపించారు. ఆ రేకుల పొడవు దిశ కొల్లాజెన్ పోగు పొడవు దిశతోనే కలిసి ఉంటుంది. బయట ఇష్టం వచ్చినట్టు పేరుకున్న స్ఫటికాలైతే అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉండవలసిన అవసరం లేదు. రేకులు మొదట ఖాళీల్లో తలెత్తి, పెరిగేకొద్దీ అణువుల మధ్య సందుల్లోకి కూడా చొచ్చుకుపోయి, అణువులను కొంచెం పక్కకు నెడతాయి.

ఇప్పుడు మీ విద్యార్థిని ప్రశ్నకు వద్దాం. ఖనిజం వచ్చి కూర్చున్నది నీటి చోటులో. వెనిగర్ ఆ ఖనిజాన్ని కరిగించి బయటికి లాగినప్పుడు, ఆ చోటును మళ్లీ నీరే నింపింది. మీ ఎముక వెనిగర్‌లో మునిగి ఉంది కనుక చిన్నది కాలేదు. నా మాట నమ్మనవసరం లేదు. ఆ మెత్తటి ఎముకను బయటికి తీసి ఫ్యాను కింద ఆరబెట్టి చూడండి. కాలిన ఎముక కూలిపోకపోవడానికి కారణం వేరు. రేకులు లెక్కలేనన్ని ఉండి, ఒకదానికొకటి ఆనుకుని, తమంతట తాము నిలబడగలిగే ఒక అఖండమైన అల్లికగా ఏర్పడ్డాయి. పైగా ఆ వేడికి అవి కొంత అతుక్కుంటాయి కూడా. ఎముక బరువులో ఇంచుమించు 65 శాతం ఖనిజమే, 25 శాతం వరకు కొల్లాజెన్ తదితర సేంద్రియ పదార్థం, మిగిలినది నీరు.

చర్మం ఎందుకు గట్టిపడదన్న ప్రశ్న నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ఎందుకంటే దానిని తిరగేసి అడిగితేనే జవాబు దొరుకుతుంది. మన రక్తంలో కాల్షియం, ఫాస్ఫేట్ ఎంత గాఢతలో ఉన్నాయంటే, రసాయన శాస్త్రం లెక్క ప్రకారం అపటైట్ స్ఫటికం ఏర్పడటానికి అది అవసరమైన దానికంటే ఎక్కువే. అంటే ఎముక ఎందుకు గట్టిపడుతుందని ఆశ్చర్యపోవడం కాదు, మిగతా శరీరం గట్టిపడకుండా ఎలా ఉంటున్నదని ఆశ్చర్యపోవాలి. అడ్డుకునేవి ఉన్నాయి కనుకనే ఉంటున్నది. పైరోఫాస్ఫేట్ అనే చిన్న అయాన్, రక్తంలోని ఫెట్యూయిన్ అనే ప్రొటీన్, రక్తనాళాల గోడల్లోనూ మృదులాస్థిలోనూ ఉండే మాట్రిక్స్ గ్లా ప్రొటీన్, ఇవన్నీ స్ఫటికాన్ని పుట్టనివ్వవు, పుట్టినా పెరగనివ్వవు. మాట్రిక్స్ గ్లా ప్రొటీన్ లేకుండా చేసిన ఎలుకలు ధమనులు సున్నపు గొట్టాల్లా మారి రెండు నెలల లోపే చనిపోయాయని 1997లో వెల్లడైంది.

ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్ కణాలూ, దంతంలో ఎనామిల్ కింద ఉండే డెంటిన్‌ను కట్టే కణాలూ చేసే పని ఈ అడ్డును తమ చుట్టూ మాత్రమే తొలగించడం. వాటి పొర మీద ఉండే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పైరోఫాస్ఫేట్‌ను రెండు ఫాస్ఫేట్లుగా విరగ్గొడుతుంది. అడ్డు పోయింది, ముడిసరుకూ పెరిగింది, రెండూ ఒకే దెబ్బతో. మొదటి రకం కొల్లాజెనూ, ఈ ఎంజైమూ ఒకేచోట కలవడమే ఎముకకు గుర్తు అని చూపడానికి 2005లో పరిశోధకులు ఎలుకల చర్మంలో ఈ ఎంజైమును తయారు చేయించారు. ఆ చర్మంలో నిజంగానే ఖనిజం ఏర్పడింది. పుట్టుకతో ఈ ఎంజైము లోపించిన పిల్లల్లో ఎముకలూ, దంతాలూ సరిగ్గా గట్టిపడవు. స్నాయుబంధకం విషయంలో ప్రకృతే ఒక ఉదాహరణ చూపిస్తుంది: టర్కీ కోడి కాలిలోని స్నాయుబంధకాలు వయసు పెరిగేకొద్దీ వాటంతట అవే ఖనిజంతో నిండి గట్టిపడతాయి. కొల్లాజెన్‌లోకి ఖనిజం ఎలా చేరుతుందో చూడటానికి పరిశోధకులు ఆ కోడి కాలిని చాలాకాలంగా ఆశ్రయిస్తున్నారు.

ఇక మిగిలింది, బయట స్ఫటికం కట్టకుండా పోగు లోపలనే ఎందుకు కడుతుందనేది. ఇందుకు నాకు బాగా నచ్చిన వివరణ 2009లో ప్రైస్ బృందం ఇచ్చినది. కొల్లాజెన్ పోగు ఒక జల్లెడ వంటిది. అణుభారం 6 వేల డాల్టన్ల లోపు ఉన్నవి దానిలోకి యథేచ్ఛగా వెళ్తాయి, 40 వేలు దాటినవి వెళ్లలేవు. ఫెట్యూయిన్ 40 వేలు దాటినది కనుక బయటే ఆగిపోతుంది. కాల్షియం, ఫాస్ఫేట్ అయాన్లు లోపలికి వెళ్తాయి. ఫలితంగా బయట స్ఫటికం పెరగడానికి వీల్లేదు, లోపల పెరగకుండా ఆపేవారు లేరు. కాపలావాడు గేటు దగ్గరే ఆగిపోయిన ఇల్లు లాంటిదన్నమాట.

అయితే లోపలికి చేరే పదార్థం విడివిడి అయాన్లుగానే చేరుతుందా? ఎప్పుడూ అలా కాదని తెలుస్తున్నది. అస్పార్టిక్ ఆమ్లం వంటి ఆమ్ల భాగాలు ఎక్కువగా ఉన్న ప్రొటీన్లు కాల్షియం, ఫాస్ఫేట్‌లను స్ఫటికరూపం లేని సూక్ష్మమైన ముద్దలుగా పట్టి ఉంచుతాయి. ఒక రూపం కుదరని ఆ ముద్ద, గట్టి స్ఫటికం దూరలేని సందుల్లోకి ద్రవంలా పాకగలదు. లోపలికి వెళ్లాక నెమ్మదిగా అపటైట్‌గా మారుతుంది. ప్రయోగశాలలో పాలీఅస్పార్టిక్ ఆమ్లంతో లారీ గోవర్ దీనిని చేసి చూపించారు. 2010లో నూడెల్‌మన్, సోమర్‌డైక్ బృందం నమూనాలను గడ్డకట్టించి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి, ఆ ముద్దలు పోగులోకి ప్రవేశించేది ఖాళీ భాగం అంచున, ధన విద్యుదావేశం ఎక్కువగా ఉన్న ఒక ప్రత్యేకమైన చోటున అని తేల్చారు. అంటే కొల్లాజెన్ ఖాళీగా నిలబడిన గోదాము కాదు, సరుకును తానే ఆకర్షించి లోపలికి తీసుకుంటున్నది. విద్యుదావేశపు ఆకర్షణ ఒక్కటే కారణం కాదని, ద్రవాభిసరణ సమతుల్యతకూ ఇందులో పాత్ర ఉందని 2017లో మరో బృందం వాదించింది. ఈ చర్చ ఇంకా ముగియలేదు.

పాఠ్యభాగాన్ని దిద్దేటప్పుడు ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఖనిజమంతా పోగు లోపలే ఉంటుందని రాయకండి. పోగుల మధ్య కూడా ఖనిజం ఉంటుంది, అదే ఎక్కువ భాగమని 2012లో మెక్‌నాలీ, ష్వార్ట్జ్ తదితరులు సూక్ష్మదర్శిని చిత్రాలతో వాదించారు. వారు చెప్పిన నిష్పత్తిని అందరూ ఒప్పుకోలేదు కానీ, బయట కొంత ఉందన్న విషయంలో వివాదం లేదు. "పోగుల లోపలా, పోగుల మధ్యా" అంటే తప్పు ఉండదు.

జనగామ_పాఠకుడు:

నేను శాస్త్రం చదువుకున్నవాడిని కాను, రెండు విషయాలు అడిగి తప్పుకుంటాను.

పై జవాబు చదువుతుంటే ఒక మాట తట్టింది. మన వైపు ఎముకను బొక్క అంటాం. మా కోడలిది గుంటూరు. ఆమెకు బొక్క అంటే రంధ్రం. "మామయ్యకు బొక్క విరిగింది" అని ఫోనులో చెబితే మొదట ఆమెకు అర్థమే కాలేదు. కొల్లాజెన్‌లో బొక్కలు ఉన్నందువల్లనే బొక్క గట్టిపడుతున్నదని ఇప్పుడు తెలిసింది కనుక, ఇద్దరమూ సరిగ్గానే మాట్లాడుతున్నామని ఆమెకు చెప్పాను.

ఆ విరిగిన బొక్క నాదే, కుడి కాలిది. నెల రోజులుగా ఇంట్లో రోజు విడిచి రోజు పాయ వండి పెడుతున్నారు. మేకకాళ్ల పులుసులోని జిగురు పోయి నా ఎముకను అతికిస్తుందని మా అక్క నమ్మకం. ఆ జిగురు కొల్లాజెనే అంటున్నారు కదా, అది నేరుగా పనికివస్తుందా? రెండవది, మాకు దగ్గరలోనే నల్లగొండ వైపు ఫ్లోరైడు నీళ్లతో నడుములు వంగిపోయినవారిని చిన్నప్పటి నుండి చూశాను. వారి ఎముకలు ఎక్స్-రేలో మామూలు కంటే తెల్లగా, దట్టంగా కనిపిస్తాయని ఒక డాక్టరుగారు చెప్పారు. ఖనిజం ఎక్కువ ఉంటే ఎముక ఇంకా గట్టిగా ఉండాలి కదా?

కరీంనగర్_దంతవైద్యురాలు:

కాజీపేట మిత్రులు ఎముక గురించి వివరంగా రాశారు. శీర్షికలో దంతం లేకపోయినా ప్రశ్నలో ఉంది కనుక దాని సంగతి కొంత చెప్పాలి, లేకపోతే విద్యార్థులు ఎముకా దంతమూ ఒకటే అనుకుంటారు.

దంతంలో పైకి కనిపించే తెల్లటి ఎనామిల్‌లో కొల్లాజెన్ లేదు. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అది అమెలోజెనిన్ అనే వేరే ప్రొటీన్ సాయంతో ఏర్పడుతుంది. పని అయిపోగానే ఆ ప్రొటీన్ దాదాపు పూర్తిగా విచ్ఛిన్నమై పోతుంది, దంతం బయటికి వచ్చేసరికి ఎనామిల్‌ను కట్టిన కణాలూ పోతాయి. అందుకే అరిగిన ఎనామిల్ మళ్లీ పుట్టదు. ఎనామిల్ కింద ఉన్న డెంటిన్ మాత్రం ఎముకకు బంధువు. అందులో బరువు ప్రకారం సుమారు 70 శాతం ఖనిజం, 20 శాతం సేంద్రియ పదార్థం, అందులోనూ అధికభాగం మొదటి రకం కొల్లాజెనే. డెంటిన్‌కూ దానిని తయారుచేసే కణాల వరుసకూ మధ్య ఇంకా ఖనిజం చేరని పలుచని పొర ఒకటి జీవితాంతం ఉంటుంది. కొల్లాజెన్ ముందు పరుచుకుంటుంది, ఖనిజం వెనుక వస్తుంది అనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం లేదు. ఎముకలోనూ అంతే, కొత్తగా పరిచిన కొల్లాజెన్ గట్టిపడటం మొదలవడానికి పెద్దవారిలో పది రోజులకు పైగా పడుతుంది. విటమిన్ డి లోపించిన పిల్లల్లో ఆ కొల్లాజెన్ పరుచుకుంటూనే ఉంటుంది, ఖనిజం మాత్రం సమయానికి రాదు. సార్ చేసిన వెనిగర్ ఎముకకు జీవితంలో దగ్గరి పోలిక అదే. దొడ్డికాళ్లు పడిన రికెట్స్ పిల్లలు.

కొల్లాజెన్ లోపల నీరు, ఖనిజం చోటు మార్చుకుంటాయన్న మాట మాకు పుస్తకంలోని విషయం కాదు, కుర్చీలో కూర్చున్న ప్రతి రోగికీ చేసే పని. పంటి రంగు సిమెంటు పెట్టే ముందు డెంటిన్ మీద 35 నుండి 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లపు జెల్ రాసి, 15 సెకన్లు ఉంచి కడిగేస్తాం. పైనున్న కొన్ని మైక్రోమీటర్ల మందంలో ఖనిజం కరిగిపోయి కొల్లాజెన్ వల మిగులుతుంది. ఆ వలలోకి మేం రెజిన్ అనే జిగురు ద్రవాన్ని ఇంకించి గట్టిపరుస్తాం. ఖనిజం ఖాళీ చేసిన చోటును రెజిన్ తీసుకుంటుందన్నమాట. 1982లో జపానుకు చెందిన నకబయాషి ఈ మిశ్రమ పొరను వర్ణించారు. ఇందులో కొత్తగా వచ్చినవారు చేసే పొరపాటు ఒకటి ఉంది. కడిగిన తరువాత గాలి గట్టిగా కొట్టి పూర్తిగా ఆరబెడతారు. నీరు పోగానే ఆ వల తడిసిన గుడ్డ ఆరి ముడుచుకున్నట్టు కుప్పకూలుతుంది, రెజిన్ లోపలికి పోదు, సిమెంటు నాలుగు రోజులకే ఊడివస్తుంది. నేను చదువుకునే రోజుల్లో ఒకే పన్నుకు మూడుసార్లు సిమెంటు పెట్టి, మూడుసార్లూ తిట్లు తిన్న తరువాత గానీ ఈ సంగతి నాకు ఎక్కలేదు. కాబట్టి సార్, ఆ వెనిగర్ ఎముకను ఆరబెట్టమన్న సలహాను తప్పక పాటించండి.

ఇంకొక ప్రయోగం కూడా చేయించవచ్చు. తలకాయ మాంసం కొట్టే దుకాణంలో మేక పన్ను ఒకటి అడిగి తీసుకోండి. బాగా ఉడికించి శుభ్రం చేసి వెనిగర్‌లో వేస్తే, ఎనామిల్ ఉన్న చోట దాదాపు ఏమీ మిగలకుండా పోతుంది, డెంటిన్ మాత్రం మెత్తగా ఆకారంతో నిలుస్తుంది. ఎముక కంటే ఎక్కువ రోజులు పడుతుంది, ఓపిక పట్టాలి. ఊడిన మనుషుల పళ్లు మాత్రం తరగతిలో వాడవద్దు.

జనగామ పెద్దాయన పాయ గురించి అడిగారు. అక్కయ్యగారి ప్రేమను కాదనను, వేడి పులుసు తాగండి, కానీ ఆ జిగురు నేరుగా కాలి ఎముకకు చేరదు. ఉడికేటప్పుడే కొల్లాజెన్ మూడు పేటలు విడిపోయి జిలాటిన్ అవుతుంది. కడుపులో అది అమైనో ఆమ్లాలుగా, చిన్న ముక్కలుగా జీర్ణమవుతుంది. మీ ఎముకలోని కణాలు తమకు కావలసిన కొల్లాజెన్‌ను మళ్లీ మొదటి నుండి పేనుకోవాలి, దానికి విటమిన్ సి కూడా కావాలి. ఖనిజమేమో ఉడికిన బొక్కలోనే ఉండిపోతుంది. పులుసులోకి దిగే కాల్షియం బహు స్వల్పం. పులుసులో నిమ్మకాయ పిండుకుని, పక్కన ఒక గ్లాసు మజ్జిగ పెట్టుకుంటే అక్కయ్యగారి మాటా, నా మాటా రెండూ నెగ్గుతాయి. డాక్టరుగారు ఇచ్చిన మందులు మాత్రం మానకండి.

కాజీపేట_పదార్థశాస్త్రం:

ఫ్లోరైడు ప్రశ్నకు నేను జవాబిస్తాను. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట వర్ణించినది కూడా తెలుగు నేల మీదనే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనేది మన దేశపు ప్రమాణం, వేరే నీరు దొరకని చోట మాత్రం 1.5 వరకు అనుమతి ఉంది.

అపటైట్‌లోని హైడ్రాక్సిల్ అయాన్ల స్థానంలో ఫ్లోరైడు సులువుగా కూర్చుంటుంది. అప్పుడు స్ఫటికం మరింత స్థిరంగా, ఆమ్లానికి తేలికగా కరగనిదిగా మారుతుంది. టూత్‌పేస్టులో ఫ్లోరైడు వేసేది ఎనామిల్‌కు ఈ మేలు కోసమే. అదే ఫ్లోరైడు ఏళ్ల తరబడి నీటి ద్వారా అధికంగా ఎముకకు చేరితే కథ మారిపోతుంది. అది ఆస్టియోబ్లాస్ట్ కణాలను రెచ్చగొట్టి కొత్త ఎముకను ఎక్కువగా కట్టిస్తుంది, కండరాలూ బంధకాలూ ఎముకకు అతుక్కునే చోట్ల కూడా ఖనిజం చేరుతుంది, వెన్ను బిగుసుకుపోతుంది. ఎక్స్-రేలో తెలుపు కనిపించేది అందుకే. కానీ అలా ఏర్పడిన ఎముకలో కొల్లాజెన్ అమరికా, స్ఫటికాల పరిమాణమూ, వాటి మధ్య పొందికా మామూలుగా ఉండవు.

ఖనిజం ఎక్కువైతే బలం ఎక్కువ అనే మీ ఊహ తప్పేమీ కాదు, ఒకప్పుడు వైద్యులే అలా ఊహించారు. వయసు మీద పడి ఎముకలు గుల్లబారిన స్త్రీలకు సోడియం ఫ్లోరైడు మందుగా ఇచ్చి చూశారు. 1990లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 202 మంది స్త్రీలపై నాలుగేళ్లు జరిపిన పరీక్ష ఫలితాలను ప్రకటించారు. రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడు తీసుకున్నవారిలో నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు, చేతులు కాళ్ల వంటి ఇతర ఎముకలు విరగడం పెరిగింది. అంటే ఎముక బలం ఖనిజం తూకంలో లేదు, కొల్లాజెన్‌లో అది ఎక్కడ, ఎలా కూర్చున్నదనే దానిలో ఉంది.

దీనికి అటువైపు ఉదాహరణ కూడా ఉంది. కొల్లాజెన్ గొలుసులో ఒక్క గ్లైసిన్ స్థానంలో వేరే అమైనో ఆమ్లం వచ్చి చేరితే, మూడు పేటలు ఆ చోట సరిగ్గా పేనుకోవు. ఖనిజానికి ఏ లోటూ లేకపోయినా, అటువంటి పిల్లల ఎముకలు చిన్న దెబ్బకే విరుగుతాయి. కొందరిలో డెంటిన్ కూడా దెబ్బతిని పళ్లు నీలం కలిసిన బూడిద రంగుకో, గోధుమ రంగుకో తిరుగుతాయి. వెయ్యి అమైనో ఆమ్లాల్లో ఒక్కటి మారినందుకు ఇంత.

హనుమకొండ_జంతుశాస్త్రం:

ముగ్గురికీ కృతజ్ఞతలు. సలహా ప్రకారం వెనిగర్ ఎముకను మంచినీటితో కడిగి, పొడవూ మందమూ స్కేలుతో కొలిపించి, ప్రయోగశాలలో ఫ్యాను కింద ఉంచాం. రెండు రోజుల తరువాత చూస్తే అది ముడుచుకుని, పసుపుపచ్చగా, ఎండిన తోలులా మారింది. మందం స్పష్టంగా తగ్గింది. పొడవు తగ్గినది తక్కువే. మళ్లీ నీటిలో వేస్తే ఒక రాత్రిలో చాలావరకు ఉబ్బి, తిరిగి వంగడం మొదలుపెట్టింది. ప్రశ్న అడిగిన అమ్మాయి ఆ మూడు దశల కొలతలనూ తన రికార్డులో రాసుకుంది.

335 నుండి 300 తీసివేసే లెక్క తరగతికి బాగా నచ్చింది. నోట్సులో "పోగులపై" అన్న మాట కొట్టేసి, "పోగుల లోపలా, పోగుల మధ్యా" అని రాయించాను. ఇనుప చువ్వల పోలికను విరమించుకున్నాను.

మేక పన్ను నిన్ననే తెచ్చాం. దుకాణదారు ఎందుకని అడిగితే పిల్లల చదువు కోసమని చెప్పాను. డబ్బు తీసుకోకుండా దవడ మొత్తం కాగితంలో చుట్టి ఇచ్చాడు. అన్ని పళ్లకూ సరిపోయే వెనిగర్ మా ప్రయోగశాలలో లేదు కనుక, ప్రస్తుతానికి మూడు మాత్రమే నానబెట్టాం.